జీఎస్పీని నమ్ముకుని యూరప్ ఆర్డర్ ఒప్పుకోవచ్చా?

భీమిలి దగ్గర మీ కుటుంబానికి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఉందని, ఇన్నాళ్ళూ సరుకు ఎక్కువగా అమెరికాకే వెళ్ళేదని, ఇప్పుడు బెల్జియం బయ్యర్ ఒకాయన జీఎస్పీ రాయితీని (వెనుకబడిన దేశాల సరుకుకి ధనిక దేశాలు ఇచ్చే సుంకం తగ్గింపుని) లెక్కలో వేసుకునే ధర మాట్లాడుతున్నాడని రాశారు. మీరు అడిగినవి మూడు. ఆ రాయితీ మన హక్కా? 2019లో అమెరికా తీసేసినట్టు యూరప్ కూడా తీసేస్తుందా? ఢిల్లీలో మనవాళ్ళు గట్టిగా మాట్లాడితే ఆగుతుందా? విశాఖ పోర్టు ఏరియాలో ఎగుమతి కాగితాల పనిలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. అది హక్కు కాదు. యూరప్ తీసేయగలదు, కొన్ని సరుకులకి ఇప్పటికే తీసేసింది కూడా, రొయ్యకి మాత్రం ఉంచింది. మాట్లాడితే ఆగుతుందా అంటే, ఇచ్చేవాళ్ళకి మన దగ్గర్నుంచి కావలసింది ఏదైనా ఉంటే, అది మనం ఇవ్వగలిగితే ఆగుతుంది. కాబట్టి రాయితీని నిస్సంకోచంగా వాడుకోండి. అది పోయిన రోజున ఆ భారం ఎవరిదో మాత్రం కాంట్రాక్టులో ముందే రాయించుకోండి.

ఇది హక్కు ఎందుకు కాదో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. దేశాల మధ్య సుంకాల మీద కుదిరిన గాట్ ఒప్పందంలో మూల సూత్రం ఒకటుంది: ఒక దేశానికి సుంకం తగ్గిస్తే సభ్యదేశాలన్నిటికీ తగ్గించాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అప్పుడే స్వాతంత్ర్యం వచ్చి ఫ్యాక్టరీలు పెట్టుకుంటున్న దేశాన్ని, వందేళ్ళ పరిశ్రమ ఉన్న దేశాన్ని ఒకే గీత మీద నిలబెట్టి పరుగు పెట్టమంటే ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు. 1964లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి వాణిజ్య సంస్థ అంక్టాడ్ మొదటి సమావేశంలో ఈ మాటే గట్టిగా వినిపించింది. దాని మొదటి సెక్రటరీ జనరల్ రౌల్ ప్రెబిష్ అనే అర్జెంటీనా ఆర్థికవేత్త. వెనుకబడిన దేశాల సరుకుకి ధనిక దేశాలు తక్కువ సుంకం వేయాలి, బదులుగా ఏమీ అడగకూడదు అన్నది ఆయన వాదన. దాని మీద తీర్మానం 1968లో మన న్యూఢిల్లీలో జరిగిన రెండో సమావేశంలో వచ్చింది. ఈ సంగతి మన ఎగుమతిదారుల్లో చాలామందికి తెలియదు. జీఎస్పీకి తీర్మానం రాసింది మన గడ్డ మీదే.

ఆ తీర్మానానికి చట్టబద్ధమైన రూపం ఇచ్చేటప్పుడు మాత్రం మాట మెత్తబడింది. 1971లో గాట్ పదేళ్ళ మినహాయింపు ఇచ్చింది. 1979లో ‘ఎనేబ్లింగ్ క్లాజ్’ అనే నిర్ణయంతో దాన్ని శాశ్వతం చేశారు. ఆ క్లాజ్ ధనిక దేశాలు రాయితీ ‘ఇవ్వవచ్చు’ అంటుంది, ‘ఇవ్వాలి’ అనదు. పక్క రైతు తన చేలోంచి మన బండికి దారి ఇచ్చాడనుకోండి. ఏళ్ళ తరబడి నడిచినా కాగితం మీద లేకపోతే ఆయన కంచె వేసిన రోజున మనం అడగడానికి ఏమీ ఉండదు. యూరప్ 1971లో, అమెరికా 1976 జనవరిలో పథకాలు మొదలుపెట్టాయి. ఎవరి పథకం వాళ్ళది, ఎవరి షరతులు వాళ్ళవి.

ఇక 2019 సంగతి. దీని గురించి వాట్సాప్ గ్రూపుల్లో తప్పుడు మాటలు ఎక్కువ తిరుగుతాయి కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

అమెరికా చట్టంలో జీఎస్పీ పొందే దేశానికి కొన్ని షరతులున్నాయి. అందులో ఒకటి, తమ మార్కెట్‌ను అమెరికా సరుకుకి ‘న్యాయంగా, సహేతుకంగా’ తెరవాలని. అక్కడి పరిశ్రమలు ఎవరైనా పిటిషన్ వేయొచ్చు. మన మీద రెండు వైపుల నుంచి పిటిషన్లు పడ్డాయి. మొదటిది వైద్య పరికరాల కంపెనీలది. 2017 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం గుండె స్టెంట్లకి గరిష్ఠ ధర పెట్టింది. మందు పూసిన స్టెంట్‌కి 29,600 రూపాయలు. అంతకుముందు లక్ష దాటేది. అదే ఏడాది ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకీ ధర కట్టడి చేసింది. రెండో పిటిషన్ పాడి పరిశ్రమది. పాలు ఇచ్చే పశువుకి రక్తం పొడి, జంతువుల లోపలి అవయవాలతో చేసిన దాణా ఎప్పుడూ పెట్టలేదని సర్టిఫికెట్ ఇస్తేనే పాల ఉత్పత్తులు రానిస్తామని మనం అన్నాం. వాళ్ళ పద్ధతుల్లో ఆ సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదు.

2018 ఏప్రిల్‌లో సమీక్ష మొదలైంది. చర్చలు జరిగాయి, ఒకటి రెండుసార్లు కుదిరినట్టే కనిపించి కుదరలేదు. 2019 మార్చి 4న ఉపసంహరణ నోటీసు ఇచ్చారు. గడువు 60 రోజులు. ఆ సమయంలో మన దగ్గర సార్వత్రిక ఎన్నికలు. అమెరికా కాంగ్రెస్ సభ్యులు కొందరు ‘ఎన్నికలయ్యేదాకా ఆగండి, ఇక్కడి దిగుమతిదారులే నష్టపోతారు’ అని లేఖ రాశారు. కొత్త ప్రభుత్వం మే 30న ప్రమాణం చేసింది. మర్నాడే ట్రంప్ ప్రకటన మీద సంతకం పెట్టారు. జూన్ 5 నుంచి రాయితీ పోయింది. జూన్ 16న మనం అమెరికా బాదం, వాల్‌నట్, యాపిల్, శనగలు, మసూర్ పప్పు లాంటి 28 సరుకుల మీద అదనపు సుంకం వేశాం.

మనం అప్పుడు తగ్గి ఉండాల్సిందా? అప్పటి వాణిజ్య శాఖ లెక్క ప్రకారం 560 కోట్ల డాలర్ల పైచిలుకు ఎగుమతుల మీద మనకి నిజంగా మిగిలే సుంకం ఏడాదికి దాదాపు 19 కోట్ల డాలర్లు. దానికోసం స్టెంట్ ధర మీద కట్టడి ఎత్తేస్తే భారం పడేది ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న కుటుంబాల మీద. అక్కడ తగ్గకపోవడం సరైన పనే అని నా గట్టి నమ్మకం. నాకు బాధ కలిగించేది వేరే. ఆ రాయితీ మీద బతికిన చిన్న తోలు వస్తువులవాళ్ళు, ఇమిటేషన్ నగలవాళ్ళు, చిన్న ఇంజినీరింగ్ యూనిట్లవాళ్ళు రెండు మూడు శాతం లాభం మీద నడిచేవాళ్ళు. దేశం తీసుకున్న సరైన నిర్ణయానికి ఖర్చు వాళ్ళే కట్టారు. దేశం మొత్తం కోసం ఒక మాట మీద నిలబడినప్పుడు, అందువల్ల దెబ్బ తగిలేవాళ్ళకి కొన్నాళ్ళు ఆసరా ఇవ్వడం కూడా దౌత్యంలో భాగమే.

మళ్ళీ వస్తుందా అంటే, ఇంకో చిక్కుంది. అమెరికా జీఎస్పీ పథకానికే 2020 డిసెంబర్ 31తో గడువు అయిపోయింది, కాంగ్రెస్ పొడిగించలేదు. 2023 జూన్‌లో రెండు దేశాలూ డబ్ల్యూటీవోలో (ప్రపంచ వాణిజ్య సంస్థలో) ఉన్న ఆరు వివాదాలు మాట్లాడుకుని ముగించుకున్నాయి, మనం యాపిల్, బాదం, పప్పుల మీద అదనపు సుంకం తీసేశాం. జీఎస్పీ మాత్రం తిరిగి రాలేదు.

అన్నట్టు, రొయ్యకి ఆ 2019 దెబ్బ తగల్లేదు. గడ్డకట్టిన రొయ్య మీద అమెరికా మామూలు సుంకమే సున్నా, ఇక రాయితీతో పనేముంది? మనల్ని అక్కడ ఇబ్బంది పెట్టినవి మరీ తక్కువ ధరకి అమ్ముతున్నారంటూ 2005 నుంచి వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం, మన ప్రభుత్వ సబ్సిడీకి విరుగుడంటూ 2024 చివర్లో వేసిన 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం, ఆ పైన 2025 ఆగస్టులో రెండు విడతలుగా పడిన 50 శాతం. అన్నీ కలిపి 58 శాతం దాటింది. మన ఎగుమతిదారులు అమెరికాకి చాలావరకు డీడీపీ పద్ధతిలో, అంటే సుంకం కూడా మనమే కట్టి అప్పగించే పద్ధతిలో అమ్ముతారు. అందుకే ఆ దెబ్బ నేరుగా ఇక్కడి ప్లాంట్లకి, అక్కణ్ణుంచి చెరువు గట్టు మీద రైతుకి తగిలింది. ఆ రేట్లు చర్చలను బట్టి మారుతూ ఉంటాయి. వాటికీ జీఎస్పీకీ సంబంధం లేదు.

యూరప్ దారి వేరు. అక్కడ పిటిషన్ల గొడవ తక్కువ, లెక్కల గొడవ ఎక్కువ. ఒక దేశం నుంచి ఒక రకం సరుకు వాటా ఒక స్థాయి దాటితే, ‘మీరు ఎదిగిపోయారు’ అని ఆ విభాగానికి రాయితీ ఆపేస్తారు. మనకి 2023లో కొన్ని, 2026 జనవరి నుంచి మరికొన్ని విభాగాలు అలా పోయాయి. ఇనుము-ఉక్కు, ప్లాస్టిక్, వస్త్రాలు, యంత్రాలు అన్నీ ఆ లెక్కలో వెళ్ళిపోయాయి. చేపలు, రొయ్యల విభాగం ఇంకా మిగిలింది. ఈ పథకం ఇప్పటి నిబంధనకి పెట్టిన గడువు 2027 డిసెంబర్ 31, అంతకుముందే మారినా మారవచ్చు. మీరు రాసుకోవాల్సిన తేదీ అది.

యూరప్‌తో మన దేశం ఊరికే కూర్చోలేదు. 2001 చివర్లో, అఫ్గాన్ యుద్ధం వేళ, మాదకద్రవ్యాలతో పోరాడే దేశాల జాబితా అంటూ పాకిస్థాన్‌కి యూరప్ అదనపు రాయితీ ఇచ్చింది. మన వస్త్రాలకి సుంకం, వాళ్ళ వస్త్రాలకి సున్నా. మనం 2002లో డబ్ల్యూటీవోకి వెళ్ళాం, 2004 ఏప్రిల్‌లో అప్పీల్ బెంచి తీర్పు వచ్చింది. ఒకే రకమైన అవసరం ఉన్న దేశాలన్నిటినీ ఒకేలా చూడాలి, ఎవరు చేరవచ్చో కొలమానం లేని మూసేసిన జాబితా చెల్లదు అన్నారు. మనం గెలిచాం. కానీ ఆ తీర్పులోనే, అవసరాలు వేరైతే రాయితీలూ వేరుగా ఉండొచ్చు అని ఒక తలుపు తెరిచారు. యూరప్ ఆ తలుపులోంచే జీఎస్పీ ప్లస్ తెచ్చింది: మానవ హక్కులు, కార్మిక హక్కులు, పర్యావరణం మీద 27 అంతర్జాతీయ ఒప్పందాలు అమలు చేస్తే దాదాపు సున్నా సుంకం. 2014 జనవరి నుంచి పాకిస్థాన్ అందులో ఉంది. యూరప్ జీఎస్పీ దిగుమతుల్లో మన వాటా పెద్దది కాబట్టి మనకి అర్హత లేదు. కేసు గెలిచినా మన వస్త్రాలకి దారి దొరకలేదు.

ఆ షరతులు ఎంత గట్టిగా తగులుతాయో చూడాలంటే శ్రీలంకని చూడండి. మన అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీ నడుపుతున్న బ్రాండిక్స్ వాళ్ళది శ్రీలంకే కదా. అంతర్యుద్ధం ముగిశాక మానవ హక్కుల ఒప్పందాల అమలు సరిగా లేదని యూరప్ 2010 ఆగస్టులో శ్రీలంకకి జీఎస్పీ ప్లస్ ఆపేసింది, 2017 మేలో గానీ తిరిగి ఇవ్వలేదు. కంబోడియాకి అతి వెనుకబడిన దేశంగా ఇచ్చిన రాయితీలో 2020 ఆగస్టులో కొంత భాగం ఆపేసింది. రెండుచోట్లా తప్పు ప్రభుత్వాలది అన్నారు. సుంకం పెరిగినప్పుడు భయం పట్టుకునేది మాత్రం కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఆడవాళ్ళకి. ఈ ఆయుధం గురి ఎప్పుడూ కొంచెం తప్పుతుందని నా అభిప్రాయం. అలాగని షరతులే వద్దనను. కార్మిక సంఘం పెట్టుకునే హక్కు లాంటివి ఆ ఒత్తిడి వల్లే కొన్నిచోట్ల కదిలాయి.

మనం అడిగేవాళ్ళమే కాదు, ఇచ్చేవాళ్ళం కూడా. 2008లో ఇండియా-ఆఫ్రికా సదస్సులో మనం అతి వెనుకబడిన దేశాలకి సుంకం రాయితీ పథకం ప్రకటించాం, 2014లో దాన్ని 98.2 శాతం సరుకులకి పెంచాం. కాఫీ, టీ, పొగాకు లాంటివి మాత్రం మినహాయించాం. ఇథియోపియా కాఫీ సున్నా సుంకంతో వస్తానంటే మన అరకు రైతు ఏమంటాడో ఆలోచించండి. ఎదుటివాళ్ళు మనకి కొన్ని సరుకులు ఇవ్వకుండా ఎందుకు దాచుకుంటారో అప్పుడు అర్థమవుతుంది.

ఇప్పుడు మీ కంటైనర్ లెక్క. గడ్డకట్టిన పచ్చి వనామీ (మన చెరువుల్లో ఎక్కువగా పెంచే రొయ్య రకం) మీద యూరప్ మామూలు సుంకం 12 శాతం, జీఎస్పీ మీద 4.2 శాతం. లక్షా 50 వేల డాలర్ల సరుకు అనుకుందాం. 12 శాతం అయితే 18,000 డాలర్లు, 4.2 అయితే 6,300. తేడా 11,700. ఈ తేడా మొదట చేరేది బయ్యర్ జేబులోకి, ఎందుకంటే అక్కడ సుంకం కట్టేది ఆయన. అందులో మీకెంత అన్నది బేరం. ఆయన ‘జీఎస్పీ ఉంది కాబట్టి ఈ ధర’ అంటే, ఆ 11,700లో మీ వాటా ఎంత వేశారని అడగండి. బ్రెడ్ పొడి అద్ది, వండి పంపే సరుకైతే మామూలు సుంకం 20, జీఎస్పీ 7 శాతం. తేడా ఇంకా ఎక్కువ, అక్కడ బేరానికి చోటూ ఎక్కువే.

కానీ ఈ 4.2 చూసి మురిసిపోవద్దు. ఈక్వెడార్‌తో 2017 నుంచి, వియత్నాంతో 2020 ఆగస్టు నుంచి యూరప్‌కి ఉన్న ఒప్పందాల వల్ల వాళ్ళ పచ్చి రొయ్య మీద ఇప్పుడు సున్నా. మన రాయితీ ఇంకా రాయితీయే, కాకపోతే పోటీదారు మనకంటే ముందున్నాడు. దానికి మందు జీఎస్పీలో లేదు, ఒప్పందంలో ఉంది. ఒప్పందంలో ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది కాబట్టి ఒక్కరే లేచి తీసేయడం అంత తేలిక కాదు. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకమైన ఒప్పందంలో రొయ్య సుంకం సున్నా అవుతుంది. యూరోపియన్ యూనియన్‌తో 2007లో మొదలై మధ్యలో ఆగి, 2022లో మళ్ళీ మొదలైన చర్చలు 2026 జనవరిలో ముగిశాయని ప్రకటించారు. మీకు లెక్కలోకి వచ్చేది అది అమల్లోకి వచ్చిన తేదీ. సంతకం ఫొటో పేపర్లో చూసి ధర తగ్గించకండి.

కాగితాల విషయానికి వద్దాం. ఇక్కడే డబ్బులు పోతాయి. యూరప్‌కి 2017 నుంచి పాత ‘ఫారం ఏ’ సర్టిఫికెట్ బదులు రెక్స్ (రిజిస్టర్డ్ ఎక్స్‌పోర్టర్) పద్ధతి వచ్చింది. మీరు రెక్స్ నంబర్ తీసుకుని, ఇన్‌వాయిస్ మీద మీరే మూలం ప్రకటన, అంటే సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే మాట, రాసివ్వాలి. 6,000 యూరోలు దాటని సరుకైతే నంబర్ అక్కర్లేదు. ఆ ప్రకటనలో పూర్తిగా ఇక్కడి సరుకే అని చెప్పే ‘పి’ అక్షరం ఉంటుంది. చాలాచోట్ల టైపిస్టు దాన్ని పాత ఇన్‌వాయిస్‌లోంచి కాపీ కొట్టేస్తాడు. అలా చేయకండి, ఎందుకంటే ఆ ఒక్క అక్షరం వెనక మీరు చూపించాల్సిన కథ ఉంది.

చెరువు రొయ్యకి యూరప్ నిబంధన ఏమిటంటే, అది ఇక్కడే పుట్టి పెరిగి ఉండాలి. మన వనామీ తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచి వస్తాయి, చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ అయ్యాక మన హ్యాచరీలకి చేరతాయి. తల్లి విదేశీ కదా, మరి సరుకు మనదెలా అని అనుమానం రావచ్చు. గుడ్డు పొదిగింది మన హ్యాచరీలో, పెరిగింది మన చెరువులో కాబట్టి అది మన సరుకే. కానీ అక్కడి కస్టమ్స్ ఎప్పుడైనా తిరిగి అడిగితే, హ్యాచరీ పిల్ల బిల్లు, చెరువు రిజిస్ట్రేషన్, రైతు దగ్గర కొన్న చీటీ, మీ ప్లాంటు లాట్ నంబర్ ఒకదాని వెనక ఒకటి అతికి ఉండాలి. ఏజెంటు ముగ్గురు రైతుల సరుకు ఒకే ట్రేలలో కలిపి తెస్తే ఆ గొలుసు తెగిపోతుంది. ప్రకటన ఇచ్చిన క్యాలెండర్ సంవత్సరం ముగిశాక కనీసం మూడేళ్ళు ఆ కాగితాలు దాచాలి. కొలంబో మీదుగా ఓడ మారినా పర్వాలేదు, సరుకుని అక్కడ ఏమీ చేయకుండా ఉంటే చాలు.

సుంకం కన్నా నన్ను టెన్షన్ పెట్టేది యాంటీబయాటిక్ పరీక్ష. 2016 నుంచి మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగానికి యూరప్ సరిహద్దులో శాంపిల్ తీస్తున్నారు. అంతకుముందు అది 10 శాతం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ ఆనవాలు దొరికితే కంటైనర్ మొత్తం వెనక్కి. అప్పుడు మీరు మిగుల్చుకున్న 7.8 శాతం రాను పోను ఓడ కిరాయికి కూడా చాలదు. చెరువు పట్టక ముందే ఎంపెడా (కేంద్ర ప్రభుత్వ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) ల్యాబ్‌లో పరీక్ష చేయించిన సర్టిఫికెట్ ఉన్న సరుకే కొనండి. మీ ప్లాంటుకి యూరప్ అనుమతి ఉందో లేదో కూడా మొదట చూసుకోండి. అమెరికాకి పంపిన అనుభవం ఉన్నంత మాత్రాన ఆ అనుమతి ఉన్నట్టు కాదు.

చివరగా కాంట్రాక్టు. యూరప్‌కి డీడీపీ ఒప్పుకోకండి, సీఎఫ్‌ఆర్ మీదే, అంటే అక్కడి పోర్టు దాకా ఓడ కిరాయి మాత్రమే మీరు పెట్టుకునే పద్ధతిలో, అమ్మండి. సుంకం బయ్యర్ దేశంలో, బయ్యర్ పేరు మీదే ఉండనివ్వండి. ఆ తర్వాత ఒక వాక్యం విడిగా రాయించండి: ధర 4.2 శాతం సుంకం ఆధారంగా కట్టింది, సరుకు ఓడ ఎక్కిన తర్వాత ప్రభుత్వ నిర్ణయం వల్ల సుంకం పెరిగితే అది కొనేవారిది, మూలం ప్రకటన తప్పు వల్ల రాయితీ పోతే అది అమ్మేవారిది. రెండో సగం మీకు ఇబ్బందిగా అనిపిస్తుంది, కానీ అది లేకుండా మొదటి సగానికి ఏ బయ్యరూ సంతకం పెట్టడు. ఆర్డర్ ఆరు నెలలు దాటి ఉంటే, సుంకం మారిన రోజు నుంచి మిగతా సరుకు ధర మళ్ళీ మాట్లాడుకునే హక్కు ఇద్దరికీ ఉండేలా ఇంకో వాక్యం కలపండి. మీ బెల్జియం ఆయన పంపిన కాగితంలో సుంకం గురించి ఏం రాసి ఉందో, ధరలు చెరిపేసి, ఇక్కడ పెడితే చూసి చెప్తాను.